కొత్త మోడల్‌ ప్రతిపాదన రాయడం ఎలా? 4వ పాఠం: బెడ్‌కి చోటు ఎక్కడిది?

పోయిన పాఠంలో జపాన్ కార్ల కంపెనీ సుబారు బండ్లన్నీ వరసగా రాసుకుని ఖాళీ ఎక్కడుందో వెతికాం. క్రాసోవర్లకు, అంటే కారు పునాది మీద కట్టిన ఎస్‌యూవీలకు, ఆ కంపెనీలో కొదవ లేదు: క్రాస్‌ట్రెక్, ఫారెస్టర్, అవుట్‌బ్యాక్, అసెంట్. వెనక బెడ్ (సామాను వేసే పైకప్పు లేని తొట్టి) ఉన్న బండి మాత్రం 2006లో బాజా అనే పికప్ ఆగిపోయాక అమెరికాలో మళ్లీ రాలేదు. అందుకే మన కసరత్తుకి స్పోర్ట్ యుటిలిటీ ట్రక్‌నే తీసుకుందాం. ముందు సగం ఇంటిల్లిపాదీ తిరిగే కారు, వెనక సగం సామాను మోసే పికప్.

ఇక్కడికి రాగానే చాలామంది పెన్సిల్ తీసి గ్రిల్లూ, పెద్ద టైర్లూ గీయడం మొదలుపెడతారు. అది తర్వాత. ముందు కాలిక్యులేటర్ తీయండి. మీ ప్రతిపాదన ఇంజనీరు చేతికి వెళ్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఇదే: బెడ్ ఎంత పొడవు, ఆ పొడవు ఎక్కణ్ణుంచి తెచ్చారు?

ఒక్క మోడల్ కోసం కంపెనీలు సాధారణంగా కొత్త ప్లాట్‌ఫామ్ (బండి కింది పునాది నిర్మాణం) తయారుచేయవు. చేతిలో ఉన్న క్రాసోవర్‌నే సాగదీయాలి. ఇప్పటివరకు ఎవరెంత సాగదీశారో చూడండి. ఫోర్డ్ ఎస్కేప్ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2,710 మిల్లీమీటర్లు. అదే ప్లాట్‌ఫామ్ మీద వచ్చిన మావరిక్ పికప్‌కి 3,076. అంటే 366 పెరిగింది, బెడ్ నాలుగున్నర అడుగులు వచ్చింది. హ్యుందాయ్ టూసాన్ 2,755 అయితే దాని పికప్ శాంటా క్రూజ్ 3,000 దాటింది, సుమారు 250 ఎక్కువ. అప్పటి హోండా పైలట్ 2,820, దాని తోబుట్టువు లాంటి 2017 మోడల్ రిడ్జ్‌లైన్ పికప్ 3,180. తేడా 360, బెడ్ అయిదడుగుల పైనే.

ఇప్పుడు బాజా సంగతి. దాని వీల్‌బేస్, అప్పటి అవుట్‌బ్యాక్ వీల్‌బేస్ ఒకటే, దాదాపు 2,650. సుబారు మధ్యలో ఏమీ సాగదీయలేదు. ఫలితంగా బెడ్ 41.5 అంగుళాలకు, అంటే మూడున్నర అడుగులకు, ఆగిపోయింది. పొడవాటి సామాను కోసం వెనక సీటు మడిచి లోపలికి తోసుకునేలా చిన్న తలుపు పెట్టారు. తెలివైన ఏర్పాటే, కాదనను. కానీ వెనక సీట్లో మనిషి కూర్చుంటే ఆ తలుపు ఉన్నా లేనట్టే. నలుగురు మాత్రమే పట్టే బండిలో ఆ లోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నన్నడిగితే బాజా అసలు లోపం దాని ప్లాస్టిక్ పట్టీలూ రంగులూ కాదు, ఈ కొలతే.

అదే పనిని షెవర్లే అవలాంచ్ పెద్ద ఎత్తున చేసింది. కేబిన్‌కీ బెడ్‌కీ మధ్య గోడ మొత్తం మడిచేస్తే అయిదడుగుల మూడంగుళాల బెడ్ ఎనిమిదడుగులు దాటుతుంది, 4×8 అడుగుల ప్లైవుడ్ షీటు పూర్తిగా పడుతుంది. అయితే అది సబర్బన్ ఛాసిస్ మీద కట్టిన భారీ బండి. మన క్రాసోవర్‌కి అంత స్తోమత లేదు.

ఇక మన లెక్క. అసెంట్‌ని తీసుకుందాం, మూడు వరసల బండి కాబట్టి మూడో వరస తీసేస్తే కొంత చోటు ఊరికే దొరుకుతుంది. వీల్‌బేస్ 2,890, మొత్తం పొడవు దాదాపు 5,000. రెండో వరస సీటు వీపు దగ్గర్నుంచి టెయిల్‌గేట్ (వెనక తలుపు) లోపలి అంచు వరకు టేపుతో కొలవండి. దాంట్లోంచి కేబిన్ వెనక గోడ మందం, సీటు వీపు వాలడానికి కావాల్సిన జాగా తీసేయండి. మిగిలిందే సాగదీయకుండా వచ్చే బెడ్. అది నాలుగున్నర అడుగులకు ఎంత తక్కువైతే అంత సాగదీయాలి. పైలట్ కూడా మూడు వరసల బండే అయినా హోండా 360 కలపాల్సి వచ్చిందని మర్చిపోకండి.

మనం మొహమాటంగా 200 కలుపుదాం. బండి పొడవు 5,200 అవుతుంది. దీనికి మూల్యం ఎక్కడ చెల్లిస్తాం? గుట్ట ఎక్కి దిగేటప్పుడు పొట్ట తగలకుండా ఉండే కోణంలో. అసెంట్‌కి నేల నుంచి ఎత్తు 220 మిల్లీమీటర్లు. ఆ ఎత్తుని రెట్టింపు చేసి వీల్‌బేస్‌తో భాగించండి, వచ్చిన సంఖ్యకి టాన్ విలోమం కట్టి రెట్టింపు చేయండి. టైరు గుండ్రాన్ని పక్కనబెడితే 2,890 దగ్గర 17.3 డిగ్రీలు, 3,090 దగ్గర 16.2. ఒక డిగ్రీ చిల్లర పోయింది. ఎత్తు 15 మిల్లీమీటర్లు పెంచితే దాదాపు తిరిగొచ్చేస్తుంది, ఆ పెంపు కూడా ప్రతిపాదనలోనే రాయండి.

ఇంకో చిక్కుంది. మూత తీసిన అట్టపెట్టెని రెండు చివరలా పట్టుకుని మెలితిప్పి చూడండి, ఇట్టే వంగుతుంది. క్రాసోవర్ వెనక కప్పు కోసేస్తే జరిగేది అదే. దాన్ని ఆపడానికే మొదటి రిడ్జ్‌లైన్‌లో కేబిన్ వెనక నుంచి బెడ్ అంచు మీదికి ఏటవాలుగా దిగే గోడలు పెట్టారు, గుర్తున్నాయా? చాలామందికి నచ్చలేదు, పక్క నుంచి సామాను అందుకోవడమూ కష్టమే. రెండో తరంలో వాటిని తీసేశారు. మీరు గోడ నిటారుగా గీస్తే కింద ఫ్లోర్‌ని ఎలా బలపరుస్తారో ఒక్క వాక్యమైనా రాయాలి.

తయారీ ఎక్కడన్నది ఒక పేరాలో తేల్చేయొచ్చు. అమెరికాలోకి దిగుమతయ్యే చిన్న ట్రక్కుల మీద 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది. దాన్ని తప్పించుకోవడానికే సుబారు ఒకప్పుడు తన చిన్న పికప్ బ్రాట్ బెడ్‌లో రెండు ప్లాస్టిక్ సీట్లు వెనక్కి తిప్పి బిగించి, ఇది ట్రక్కు కాదు కారేనంది. మనకి ఆ తిప్పలు అక్కర్లేదు, బాజా తయారైన ఇండియానా రాష్ట్రంలోని లాఫయెట్ ప్లాంటులోనే అసెంట్ లైను కూడా పెట్టారు.

అభ్యాసం: ఇదే లెక్క ఫారెస్టర్‌తో చేయండి. వీల్‌బేస్ 2,670. నాలుగున్నర అడుగుల బెడ్ కావాలంటే ఎంత సాగదీయాలి, కోణం ఎన్ని డిగ్రీలకు పడిపోతుంది? ఆ రెండు అంకెలూ, పక్క నుంచి గీసిన ఒక గీతబొమ్మా సిద్ధంగా ఉంచుకోండి. 5వ పాఠంలో ఆ బండిని మావరిక్ పక్కన నిలబెట్టి ధర కడదాం.