సర్వర్‌ని ఐపీవీ6లోకి తెస్తున్నారా? డీఎన్ఎస్ జోలికి చివర్లోనే వెళ్ళండి

ఇంటర్నెట్‌లో మెషీన్లను గుర్తించే పాత అడ్రసుల పద్ధతి ఐపీవీ4. దాని అడ్రసుకి 32 బిట్లు. అంటే మొత్తం దాదాపు 429 కోట్ల అడ్రసులు. ప్రాంతీయ సంస్థలకు వాటిని పంచే అయానా అనే సంస్థ దగ్గర ఆఖరి బ్లాకులు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. అడ్రసులు చాలక ఒకే అడ్రసు వెనుక ఎంతోమందిని ఇరికించి (దీన్నే నాట్ అంటాం) నెట్టుకొస్తున్నాం. నెట్‌వర్కులు చూసుకోవడం నా పని. అడ్రసులకు కొరత లేని కొత్త పద్ధతి ఐపీవీ6. దాన్ని మొదటిసారి పెట్టినప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు మీ ప్రొవైడర్‌ని ప్రిఫిక్స్, అంటే మీ వాటా అడ్రసుల బ్లాకు, అడగండి. స్లాష్ పక్కన అంకె ఎంత చిన్నదైతే బ్లాకు అంత పెద్దది. స్లాష్ 48 గానీ 56 గానీ తీసుకోండి. ఒక్క స్లాష్ 64 ఇస్తామంటే ఒప్పుకోకండి. ఒక్కో లాన్‌కి (లోపలి నెట్‌వర్కుకి) ఒక స్లాష్ 64 పడుతుంది, రేపు గెస్ట్ వైఫై విడిగా పెట్టాలంటే ఇంకొకటి కావాలి. ఐపీవీ4 అలవాటు వల్ల ఒక లాన్‌కి అన్ని అడ్రసులు ఇవ్వడానికి మనసు ఒప్పదు, నాకూ ఒప్పలేదు. కానీ మెషీన్ తన అడ్రసు తానే తయారుచేసుకునే పద్ధతి నడిచేది 64 బిట్ల మీదే. ఇక్కడ పొదుపు వద్దు.

ఐపీవీ4ని తీసేయకండి. ఈ రెండూ నేరుగా మాట్లాడుకోలేవు కాబట్టి పక్కపక్కనే నడవాలి. దీన్నే డ్యుయల్ స్టాక్ అంటాం. సర్వర్‌లో ఎఫ్ఈ80తో మొదలయ్యే అడ్రసు కనబడితే పని అయిపోయిందనుకోకండి, అది ఆ లింకు దాటి పోదు. 2తోనో 3తోనో మొదలయ్యేది రావాలి.

తర్వాత ఫైర్‌వాల్. నాట్ వెనుక ఉన్నన్నాళ్ళూ లోపలి మెషీన్లు బయటికి కనబడలేదు. ఇప్పుడు ప్రింటర్‌కి కూడా పబ్లిక్ అడ్రసు వస్తుంది. ఐపీవీ4కి రాసిన రూల్స్ ఐపీవీ6కి వాటంతటవే పనిచేస్తాయని నమ్మకండి, విడిగా చూసుకోండి. బయటినుంచి మొదలయ్యే కనెక్షన్లు ఆపి, అవసరమైన పోర్టులే తెరవండి.

నేను తప్పు చేసింది ఇక్కడే. ఐపీవీ4లో ఐసీఎంపీని, అంటే నెట్‌వర్కు తన ఇబ్బందులు చెప్పుకునే సందేశాలను, ఆపేసే అలవాటు ఉండేది. అదే చేత్తో, నైబర్ డిస్కవరీకి (అదే లింకులో పక్క మెషీన్లను కనుక్కునే పద్ధతికి) కావలసినవి వదిలి మిగతా ఐసీఎంపీ అంతా ఆపేశాను. నా దగ్గర సైట్ బ్రహ్మాండంగా వచ్చింది. కొందరికి మాత్రం లాగిన్ పేజీ వచ్చి, ఆ తర్వాత పేజీ తిరుగుతూనే ఉండేది. రెండు రోజులు టెన్షన్‌తో వెబ్ సర్వర్ లాగులే చూశాను.

జరిగింది ఇది. ఐపీవీ6లో దారి మధ్య రౌటర్లు ప్యాకెట్‌ని ముక్కలు చేయవు. పెద్దదైతే 'ప్యాకెట్ టూ బిగ్' అని పంపినవాడికి ఐసీఎంపీలో చెబుతాయి. ఆ కబురే నేను ఆపేశాను. మామూలుగా ఐపీవీ6 కలవకపోతే బ్రౌజర్ ఐపీవీ4కి మళ్ళుతుంది. ఇక్కడ కనెక్షన్ చిన్న ప్యాకెట్లతో కుదిరిపోయింది కాబట్టి మళ్ళలేదు. టన్నెల్ లాంటి, 1500 బైట్లు పట్టని లింకుల వెనుక ఉన్నవాళ్ళే ఇబ్బంది పడ్డారు. కాబట్టి ప్యాకెట్ టూ బిగ్‌ని తప్పకుండా రానివ్వండి. మీ సొంత లాన్ నుంచి చూసి సరిపెట్టుకోకండి, బయట ఎక్కడైనా దారిలో ఒక లింకు ఎంటీయూని (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజుని) 1280కి తగ్గించి, దాని వెనుక మామూలు 1500 ఎంటీయూ ఉన్న మెషీన్‌ నుంచి పెద్ద పేజీ తెరిచి చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే, పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్‌లో క్వాడ్-ఏ రికార్డు, అంటే మీ సైట్ పేరుకి ఐపీవీ6 అడ్రసు చూపేది, పెట్టండి. అది పెట్టిన క్షణం నుంచి జనం ఆ దారిలో వస్తారు. టీటీఎల్ (ఆ రికార్డుని ఇతరులు గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లు పెట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు తీసేసి తొందరగా బయటపడొచ్చు. మానిటరింగ్‌లో రెండు దారుల్నీ విడివిడిగా చెక్ చేయించండి. పేరుతో ఒక్క చెక్ పెడితే, ఐపీవీ6 పడిపోయినా ఐపీవీ4 మీద అంతా పచ్చగానే కనబడవచ్చు.

ఇక అప్లికేషన్. డేటాబేస్‌లో ఐపీ కాలమ్ 15 అక్షరాలకే ఉంటే పెంచండి, పూర్తిగా రాసిన ఐపీవీ6 అడ్రసుకి 39 కావాలి. తప్పుడు లాగిన్లను ఆపే లెక్క ఒక్కో అడ్రసుకి కాకుండా స్లాష్ 64కి పెట్టండి. ఆ పరిధిలో ఒకే మనిషి ఎన్ని అడ్రసులైనా మార్చుకోగలడు.