రక్తచంద్రుని గురించిన ప్రవచన సందేశాన్ని ఎలా పరిశీలించాలి?

2025 సెప్టెంబరు 7 ఆదివారం రాత్రి పదకొండు గంటలకు చంద్రుడు పూర్తిగా భూమి నీడలోకి వెళ్లి, సుమారు 82 నిమిషాల పాటు ఎర్రగా ఉండిపోయాడు. ఆ రోజు ఉదయం ఆరాధన ముగించుకొని జనం ఇళ్లకు చేరేలోపే కడపలో మా సంఘస్థుల ఫోన్లలో ఒక సందేశం తిరగడం మొదలైంది. యోవేలు ప్రవక్త చెప్పిన రక్తచంద్రుడు ఈ రాత్రే కనిపిస్తాడనీ, ప్రభువు రాకడకు ఇదే గుర్తనీ దాని సారాంశం. కొందరు నమ్మారు, కొందరు నవ్వి ఊరుకున్నారు, ఎక్కువ మంది మాత్రం ఎందుకైనా మంచిదని పది మందికి పంపించారు. ఆదివారపు బడిలో పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి పిల్లలు నన్ను నిలదీశారు. వారితో కలిసి చేసిన పరిశీలననే ఇక్కడ క్రమంగా వివరిస్తున్నాను. ఇందుకు కావలసినవి ఒక తెలుగు బైబిలు, ఉగాదికి కొనే మామూలు పంచాంగం, ఒక కాగితం.

మొదట సందేశాన్ని ఒక్క వాక్యానికి కుదించండి

ఏ గ్రహణం, ఏ తేదీన, దాని తరువాత ఎంత కాలంలో, ఎక్కడ, ఏమి జరుగుతుందని సందేశం చెబుతోందో కాగితం మీద రాయండి. చాలా సందేశాలు ఈ దశలోనే జారిపోతాయి, ఎందుకంటే వాటిలో తేదీ ఉంటుంది గానీ జరగబోయేది ఉండదు; ‘గొప్ప మార్పులు’, ‘దేశాలకు కలవరం’ వంటి మాటలు ఏ సంవత్సరానికైనా అతుకుతాయి. ప్రవక్త పలికిన మాట నెరవేరకపోతే అది యెహోవా పలికిన మాట కాదని ద్వితీయోపదేశకాండము 18:22 చెబుతుంది. ఆ పరీక్షకు నిలబడాలంటే ముందు మాట స్పష్టంగా ఉండాలి.

ఈ జాగ్రత్త మన జిల్లావారికి మరీ అవసరం. బ్రహ్మంగారి మఠం ఉన్న నేల ఇది. ఎక్కడ ఏ వింత జరిగినా మర్నాటికల్లా ‘ఇది కాలజ్ఞానంలో ఉన్నదే’ అనే మాట వినబడుతుంది, అంతకు ముందు రోజు ఆ పద్యం ఎవరికీ గుర్తుండదు. తప్పు వీరబ్రహ్మేంద్రస్వామిది కాదు, జరిగిన తరువాత జోస్యాన్ని వెతుక్కునే మన అలవాటుది. చర్చికి వెళ్లినంత మాత్రాన ఆ అలవాటు గుమ్మం బయట ఆగిపోదు.

తరువాత వచనాన్ని కాదు, అధ్యాయాన్ని చదవండి

సందేశాల్లో తరచుగా కనిపించే వచనాలు మూడు: యోవేలు 2:31, దానిని పెంతెకొస్తు దినాన పేతురు ఉదహరించిన అపొస్తలుల కార్యములు 2:20, ఆరవ ముద్రను గురించిన ప్రకటన గ్రంథము 6:12. వీటిని విడివిడిగా చదివితే సంపూర్ణ చంద్రగ్రహణం కళ్ల ముందు కదులుతుంది. అధ్యాయంతో కలిపి చదివితే అంత సులువుగా కుదరదు.

యోవేలు గ్రంథం మిడతల దండుతో మొదలవుతుంది. చంద్రుడు రక్తవర్ణమగుననే మాటకు ముందు వచనంలోనే రక్తము, అగ్ని, ధూమస్తంభములు ఉన్నాయి. ఆకాశం నిండా పొగ కమ్మినప్పుడు చంద్రుడు ఎర్రబడటానికి గ్రహణంతో పని లేదు. ఎండాకాలంలో దుమ్ము లేచిన సాయంత్రం అనంతపురం వైపు ప్రయాణించినవారు తూర్పున ఉదయించే ఎర్రని చంద్రుణ్ణి చూసే ఉంటారు. ప్రకటన గ్రంథంలోనైతే పెద్ద భూకంపం కలుగుతుంది, సూర్యుడు కంబళివలె నలుపవుతాడు, చంద్రబింబమంతా రక్తవర్ణమవుతుంది, నక్షత్రాలు అంజూరపు కాయల్లా రాలుతాయి. కురుబలు నేసే నల్ల కంబళిని చూసినవారికి ఆ పోలిక వెంటనే తడుతుంది. మూలంలో ఉన్నది వెంట్రుకలతో నేసిన, దుఃఖంలో కట్టుకొనే ముతక బట్ట.

ఇక్కడ పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాను. ఈ వచనాల్లో సూర్యుడూ చంద్రుడూ ఒకే సందర్భంలో మారుతున్నారు కదా, గ్రహణాల్లో అలా జరుగుతుందా? సూర్యగ్రహణం అమావాస్యనాడే పడుతుంది, చంద్రగ్రహణం పౌర్ణమినాడే పడుతుంది. రెండింటి మధ్య దాదాపు రెండు వారాలు ఉండి తీరాలి. కాబట్టి ఒక్క చంద్రగ్రహణాన్ని పట్టుకొని ఈ వచనం నెరవేరిందనడానికి వచనంలోని సగాన్ని వదిలేయవలసి వస్తుంది. మత్తయి 24:29లో చంద్రుడు ఎర్రబడటం కాదు, కాంతినే ఇవ్వకపోవడం ఉన్నదని కూడా గమనించండి.

ఇటువంటి భాష ప్రవక్తలు ఇంకెక్కడ వాడారో చూడటం కూడా ఈ పనిలో భాగమే. యెషయా 13:10లో నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు చీకటి కమ్మినవారవుతారు, అది బబులోను మీదికి వచ్చే తీర్పు. యెహెజ్కేలు 32:7లో అదే చీకటి ఐగుప్తు రాజైన ఫరో మీదికి వస్తుంది. రాజ్యాలు కూలడాన్ని ఆకాశం కూలడంగా చెప్పడం వారి పలుకుబడి. మనం కూడా ఇంటి పెద్ద పోతే ‘మా ఇంటి దీపం ఆరిపోయింది’ అంటాం. విన్నవారెవరూ వెళ్లి బల్బు చూడరు. భవిష్యత్తులో అక్షరాలా ఆకాశంలోనే మార్పు వస్తుందని నమ్మే విశ్వాసులు ఉన్నారు, వారి నమ్మకానికి వచనంలో చోటు ఉంది. అయితే వారు ఎదురుచూసేది కూడా పంచాంగంలో ముందే అచ్చయ్యే గ్రహణం కంటే పెద్దదాని కోసమే.

గ్రహణాన్ని ప్రవచనంతో కలిపేవారికి ఉన్న గట్టి ఆధారాన్ని కూడా దాచకూడదు. సామాన్య శకం 33వ సంవత్సరం ఏప్రిల్ 3 శుక్రవారం పాక్షిక చంద్రగ్రహణం పట్టిన చంద్రుడు యెరూషలేములో ఉదయించాడనీ, సిలువ మరణం ఆ రోజే జరిగి ఉంటుందనీ, పేతురు ‘చంద్రుడు రక్తముగా’ అన్నప్పుడు వినేవారికి అది గుర్తుకొచ్చి ఉంటుందనీ 1983లో హంఫ్రీస్, వాడింగ్టన్ అనే పరిశోధకులు నేచర్ పత్రికలో వాదించారు. సిలువ సంవత్సరం మీదే పండితులకు ఏకాభిప్రాయం లేదు కాబట్టి ఇది వాదంగానే మిగిలింది. ఒకవేళ అది నిజమైనా, ఆ గ్రహణం జరిగిపోయిన దానికి సంబంధించినదే తప్ప మన ఫోన్లలోని తేదీకి ఆధారం కాదు. సిలువ నాటి మూడు గంటల చీకటిని సూర్యగ్రహణమనేవారు కూడా, సిలువ సమయంలో జరిగిన యూదుల పస్కా పండుగ పౌర్ణమినాడు వస్తుందన్న సంగతిని మరచిపోతున్నారు.

ఇప్పుడు పంచాంగం తెరవండి

గ్రహణం ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు విడుస్తుంది అనేది ఉగాదికి ముందే అచ్చవుతుంది. చంద్రుణ్ణి కప్పేది భూమి నీడేనని ఆర్యభటుడు 5వ శతాబ్దం చివరలోనే రాశాడు. చంద్రుని కక్ష్య భూకక్ష్యకు సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటం వల్ల ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదు, వచ్చే వాటిని మాత్రం వందల ఏళ్ల ముందే లెక్కకట్టవచ్చు. అనుకోకుండా వచ్చి మనుషుల్ని నిలువరించవలసిన సూచన ఇలా ముందే అచ్చయి అంగట్లో దొరుకుతుందా అన్నదే నా సందేహం. ‘సూచనలను కాలములను’ తెలపడానికి జ్యోతులు ఉన్నాయన్న ఆదికాండము 1:14ను ఎవరైనా చూపిస్తే, ఆకాశపు చిహ్నాలకు అన్యజనులు భయపడతారు గానీ మీరు భయపడవద్దన్న యిర్మీయా 10:2ను కూడా దాని పక్కన పెట్టి చదవమనండి.

పండుగనాడు గ్రహణం రావడమే దైవ సంకేతమనే వాదనను ఈ దశలోనే తేల్చుకోవచ్చు. 2014 ఏప్రిల్ 15, అక్టోబరు 8, 2015 ఏప్రిల్ 4, సెప్టెంబరు 28 తేదీల్లో వరుసగా నాలుగు సంపూర్ణ చంద్రగ్రహణాలు వచ్చాయి. అవి పస్కాకు, పర్ణశాలల పండుగకు సరిగ్గా పడ్డాయని అమెరికా పాస్టర్లు మార్క్ బిల్ట్జ్, జాన్ హేగీ ప్రచారం చేశారు, ఆ ప్రచారం రాయలసీమ సభల వరకూ వచ్చింది. యూదుల నెలలు కూడా చంద్రుని బట్టి నడిచేవే. వారి పస్కా, పర్ణశాలల పండుగ రెండూ పౌర్ణమికే వస్తాయి, వాటి మధ్య ఆరు చాంద్రమాసాల దూరం ఉంటుంది. చంద్రగ్రహణాలు పౌర్ణమికే వస్తాయి, వరుసగా వచ్చేటప్పుడు వాటి మధ్య దూరం కూడా ఆరు చాంద్రమాసాలే. వసంతంలో పస్కా పౌర్ణమినాడు ఒకటి పడితే తరువాతిది పర్ణశాలల పండుగను వెతుక్కుంటూ వెళ్లనక్కరలేదు, అదే అక్కడ పడుతుంది.

మన పండుగలతో పోల్చి చూస్తే ఇది ఇంకా తేలిక. 2018 జులై 27న, 2019 జులై 16న, 2020 జులై 5న వరుసగా మూడేళ్లు గురుపౌర్ణమినాడే చంద్రగ్రహణం వచ్చింది. మూడవది లీలగా కనిపించీ కనిపించని ఛాయాగ్రహణమే అయినా వరుస వరుసే. దానిని బట్టి గురువులకు ఏదో జరగబోతోందని ఎవరూ పుస్తకం రాయలేదు.

చరిత్రలోని తేదీలను ముందువెనుకలుగా పేర్చండి

ఈ ‘నాలుగు గ్రహణాల’ వరుసలు గతంలో వచ్చినప్పుడల్లా యూదులకు పెద్ద సంఘటనలు జరిగాయని సందేశాలు చెబుతాయి. కాగితం మీద రెండు వరుసలు గీసి ఒకవైపు సంఘటన తేదీని, మరొకవైపు మొదటి గ్రహణం తేదీని రాయండి. స్పెయిన్ నుంచి యూదుల బహిష్కరణ ఆజ్ఞ 1492లో వెలువడింది, గ్రహణాల వరుస 1493లో మొదలైంది. ఇజ్రాయేలు దేశం 1948 మే 14న ఏర్పడింది, గ్రహణాలు 1949 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఈ రెండు చోట్లా సూచన కంటే సంఘటనే ముందు వచ్చింది. 1967లో మాత్రం ఏప్రిల్ గ్రహణం తరువాత జూన్‌లో ఆరు రోజుల యుద్ధం వచ్చింది.

లక్షలాది యూదులు హతులైన 1939–45 మధ్య అటువంటి వరుసే లేదు. ఇంతకన్నా పెద్ద సంఘటన వారి ఆధునిక చరిత్రలో ఏముంది? 1582 తరువాత 1908 వరకు ఎక్కడా ఒక్క నాలుగు గ్రహణాల వరుస కూడా రాలేదు, ఈ ఒక్క శతాబ్దంలో ఎనిమిది ఉన్నాయి, తరువాతిది 2032–33లో. ఇది కక్ష్యల లెక్క తెచ్చే హెచ్చుతగ్గు మాత్రమే.

ఎక్కడ కనిపించిందో కూడా రాసుకోండి. యెరూషలేముకు ఇచ్చిన సూచన అని చెప్పిన 2014–15 గ్రహణాల్లో మొదటి మూడూ యెరూషలేములో కనిపించనే లేదు. చివరిది మాత్రం తెల్లవారుజామున కనిపించింది.

మేడ మీదికి వెళ్లి చూడండి

చంద్రగ్రహణానికి నల్ల కళ్లద్దాలు అక్కర లేదు. భూవాతావరణం సూర్యకాంతిలోని నీలాన్ని చెదరగొట్టి, ఎరుపును వంచి చంద్రుని మీదికి పంపుతుంది. భూమి మీది సూర్యోదయాలూ సూర్యాస్తమయాలూ అన్నీ ఒకేసారి చంద్రుని మీద పడినట్లు. గాలిలో ఎంత దుమ్ము ఉంటే రంగు అంత ముదురుతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినాటుబో అగ్నిపర్వతం పేలిన ప్రభావంతో 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు ఎర్రగా కాదు, దాదాపు కనిపించకుండా పోయాడు. చంద్రుని రంగును 0 నుంచి 4 వరకు గుర్తించే డాంజాన్ కొలమానం ఒకటి ఉంది. పిల్లలతో అంకె వేయించండి, వాదనల కంటే వారికి అదే బాగా గుర్తుంటుంది.

గర్భిణులను లోపల కూర్చోబెట్టడం, గ్రహణం మొర్రి భయం, పచ్చడి జాడీల మీద దర్భలు మన క్రైస్తవ కుటుంబాల్లోనూ కొన్నిచోట్ల మిగిలి ఉన్నాయి. అత్తగారితో ఆ రాత్రే వాదనకు దిగవద్దు. ముందు ఆమెను మేడ మీదికి తీసుకువెళ్లి చూపించండి, మాట తరువాత చెప్పవచ్చు. పాస్టరుగారిని కూడా సభ మధ్యలో కాకుండా ఇంటికి వెళ్లి, ‘అయ్యగారూ, ఈ వచనాన్ని ముందూ వెనకా వచనాలతో కలిపి ఒకసారి చెబుతారా?’ అని అడిగితే చాలు. ఆ దినమును గూర్చియు ఆ గడియను గూర్చియు ఎవరికీ తెలియదన్న మత్తయి 24:36ను ఆయనే ఎత్తే అవకాశం ఎక్కువ.

ఈ పద్ధతిని పూర్తిగా ప్రయోగించి చూడటానికి తగిన రాత్రి ఒకటి ముందుంది. 2028 డిసెంబరు 31న, సంవత్సరాంతపు వాచ్‌నైట్ ఆరాధనకు జనం చర్చిల్లో చేరుతున్న సమయానికి చంద్రుడికి గ్రహణం పడుతుంది, పది గంటల ప్రాంతానికి సంపూర్ణమవుతుంది, కొత్త సంవత్సరపు గంట కొట్టే వేళకు విడుస్తుంది. సందేశాలు నెల ముందే మొదలవుతాయి. మొదటిది రాగానే దానిని ఒక్క వాక్యంలోకి కుదించి, తేదీ వేసి, బైబిల్లో యోవేలు రెండవ అధ్యాయం దగ్గర పెట్టుకోండి. ఆ రాత్రి ఒక పాటకూ మరో పాటకూ మధ్య పిల్లలను తీసుకొని ఆవరణలోకి వచ్చి పైకి చూడండి.