బండి వెనక బండి – రెండో పాఠం: లెక్క చూసుకోవడం, ఎక్కించడం, కట్టడం

ఎస్‌యూవీ వెనక మోటార్‌సైకిల్ మోసుకెళ్లడం గురించిన మొదటి పాఠంలో హిచ్ (బండి వెనక అడుగున బిగించే ఇనుప చట్రం) తరగతులు, దాని 2 అంగుళాల రిసీవర్ గొట్టం, ఆ గొట్టంలో దిగి బైక్‌ని మోసే క్యారియర్ రకాలు చూశాం. ఈపాటికి కొందరు క్యారియర్ కొనేసి ఉంటారు. కొననివాళ్లు ఈ పాఠం మొదటి సగం చదివి, మీ బండి లెక్క మీరు వేసుకున్నాకే కొనండి. పెట్టె మీద ‘600 పౌండ్లు’ అని రాసి ఉన్నంత మాత్రాన మీ ఎస్‌యూవీ 600 మోయదు. అది క్యారియర్ ఇనుము ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె. మీ బండి సంగతి దానికి తెలియదు.

ఈ పాఠమంతా ఒకే ఉదాహరణతో నడిపిద్దాం. అయిదో తరం టొయోటా ఫోర్‌రన్నర్, అంటే 2010 నుంచి 2024 దాకా వచ్చిన మోడల్. దాని వెనక హోండా సీఆర్‌ఎఫ్ 250ఎఫ్. కాలిఫోర్నియాలో గ్రీన్ స్టిక్కర్ (ఆఫ్‌రోడ్ బండ్లకిచ్చే రిజిస్ట్రేషన్) ఉన్న డర్ట్ బైక్ మామూలు రోడ్డెక్కకూడదు. బే ఏరియా నుంచి హోలిస్టర్ హిల్స్, ట్రేసీ దగ్గరి కార్నెగీ లాంటి ఆఫ్‌రోడ్ పార్కులకు వెళ్లాలంటే దాన్ని మోసుకెళ్లక తప్పదు.

లెక్క

ఫోర్‌రన్నర్‌కి ట్రెయిలర్ లాగే పరిమితి 5,000 పౌండ్లు, హిచ్ మీద నిలువుగా పడే బరువుకు పరిమితి 500. మనకు కావలసింది ఆ రెండోదే. బైక్ పెట్రోల్‌తో సహా 265, అల్యూమినియం క్యారియర్ ర్యాంపుతో కలిపి 60 అనుకుందాం, స్ట్రాపులకు 5. మొత్తం 330.

500లో 330 అంటే ఇంకా చాలా మిగిలిందనిపిస్తుంది. కానీ ఆ 500 ట్రెయిలర్ బంతి ఉండే చోట కొలిచే అంకె. బంతి హిచ్ పిన్ను (గొట్టంలో దిగినదాన్ని ఊడకుండా పట్టే అడ్డ కడ్డీ) నుంచి సుమారు 10 అంగుళాల వెనక ఉంటుంది. మోటార్‌సైకిల్ మధ్యభాగం మాత్రం పిన్నుకు 20 అంగుళాల దాకా వెనక కూర్చుంటుంది. దూరం రెండింతలైతే పిన్ను దగ్గర మెలిపెట్టే బలమూ రెండింతలవుతుంది. దానికి తోడు ట్రెయిలర్‌కి దాని చక్రాలు దానికున్నాయి. గుంటలో పడితే చాలా భాగం అవే భరిస్తాయి. క్యారియర్ మీది బైక్ ప్రతి కుదుపునూ హిచ్ గొట్టానికే అప్పజెబుతుంది. అందుకే హిచ్ అంకెలో మూడింట రెండు వంతులు దాటొద్దని మా సలహా. 500 ఉంటే 330 దగ్గర ఆగాలి. మన ఉదాహరణ సరిగ్గా గీత మీద ఉంది.

ఇదే కొలతతో జీప్ రాంగ్లర్ చూడండి. నాలుగు తలుపుల జేఎల్‌లో (రాంగ్లర్ ప్రస్తుత తరం) చాలా మోడళ్లకు హిచ్ పరిమితి 350, రెండు తలుపులదానికి 200. రెండు తలుపుల రాంగ్లర్ వెనక పెద్దవాళ్ల డర్ట్ బైక్ ఏదీ పెట్టొద్దు. నాలుగు తలుపులదానికి మూడింట రెండు వంతులంటే 233 మాత్రమే, పైగా ఇంకో చిక్కుంది. వెనక తలుపుకు స్టెప్నీ వేలాడుతుంది కాబట్టి హ్యాండిల్ దానికి తగలకుండా కొందరు హిచ్‌కి ఎక్స్‌టెన్షన్ గొట్టం తొడుగుతారు. బరువు ఇంకా వెనక్కి జరుగుతుంది, గొట్టానికి మరో అతుకు వస్తుంది. ఇలాంటి గొట్టాలు తయారుచేసేవాళ్లలో చాలామంది తామే పరిమితిని సగానికి తగ్గించుకోమంటారు. రాంగ్లర్ ఉన్నవాళ్లు తర్వాతి పాఠంలో వచ్చే చిన్న ట్రెయిలర్ దాకా ఆగడం మేలు.

ఇప్పుడు ఇరుసుల లెక్క. ఎక్కువమంది వదిలేసేది ఇదే. వెనక ఇరుసుకు అవతల వేసిన బరువు ఏతంలా పనిచేస్తుంది: తోక కిందికి పోతే ముక్కు పైకి లేస్తుంది. మీకు కావలసిన కొలతలు రెండే. ఒకటి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు ఉన్న దూరం. ఫోర్‌రన్నర్‌కి అది దాదాపు 110 అంగుళాలు. రెండోది, వెనక చక్రం మధ్య నుంచి క్యారియర్ పట్టా (బైక్ చక్రాలు కూర్చునే పొడవాటి భాగం) మధ్యకు ఉన్న దూరం. టేపుతో మీరే కొలవండి. ఇక్కడ 62 అనుకుందాం.

330ని 62తో గుణించి 110తో భాగిస్తే 186. ముందు చక్రాల మీద నుంచి 186 పౌండ్లు లేచిపోయాయి. ఆ 186 కూడా వెనకకే చేరుతుంది కాబట్టి వెనక ఇరుసు మీద కొత్తగా పడింది 330 కాదు, 516. స్టీరింగ్ తేలిపోవడానికి, తడి రోడ్డు మీద ముందు బ్రేకు పట్టు తగ్గడానికి, ఎదుటివాళ్ల కళ్లలో హెడ్‌లైట్ కొట్టడానికి కారణం ఈ 186.

డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. దాంట్లో వెనక ఇరుసు గరిష్ఠ బరువు విడిగా రాసి ఉంటుంది. మీరు, మీవాళ్లు, సామాను, ఈ 516 కలిపినా ఆ అంకెకు లోబడి ఉండాలి. కాగితం మీది లెక్క చాలదనిపిస్తే, హైవే పక్క ట్రక్కులు ఆగే చోట్ల ఉండే క్యాట్ స్కేల్ కాటాకు వెళ్లండి. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద ఆపితే ఏ ఇరుసుకు ఎంతో విడివిడిగా చీటీ వస్తుంది. బైక్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి తూయిస్తే ఇక ఊహించాల్సిన పనే ఉండదు.

వెనక కాయిల్ స్ప్రింగుల్లో పెట్టే ఎయిర్ బ్యాగుల గురించి చాలామందికి అపోహ ఉంది. కుంగిన తోకను అవి లేపుతాయి, హెడ్‌లైట్ ఎత్తు కొంత సరిచేస్తాయి. ఇరుసు పరిమితిని మాత్రం ఒక్క పౌండు కూడా పెంచవు. అంతకంటే ముందు ఖర్చులేని పని చేయండి: నీళ్ల క్యాను, పనిముట్ల పెట్టె, కూలర్ డిక్కీలో కాకుండా ముందు సీట్ల వెనక నేల మీద పెట్టండి.

ఎక్కించడం

సమతలంగా ఉన్న నేల చూడండి. గేరు పార్కులో, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డుకర్రలు. బైక్ ఇంజన్ ఆపి, స్టీరింగ్ లాక్ తీసి, న్యూట్రల్‌లో పెట్టండి. కార్బురేటర్ బండి అయితే పెట్రోల్ ట్యాప్ మూసేయండి. మరిచిపోతే కుదుపులకు ఫ్లోట్ గదిలోంచి పెట్రోల్ కారి బంపర్ మీద చేరుతుంది.

ర్యాంపు ఎస్‌యూవీ కుడివైపు, అంటే అమెరికాలో ఫుట్‌పాత్ వైపు వెయ్యండి. ఇలా చేస్తే ట్రాఫిక్‌కి దూరంగా ఉంటారు. ఇంకో లాభం, బైక్ ముక్కు డ్రైవర్ వైపు తిరిగి, దాని ఎడమ పక్క వెనక్కి వస్తుంది. బైక్‌ని ఎప్పుడూ ఎడమ పక్కన నిలబడే తోస్తాం కదా, అప్పుడు తోసే మనిషి ఖాళీ స్థలంలో ఉంటాడు. దీనికి ఎదురు దిశలో తిప్పి ఎక్కిస్తే ఎస్‌యూవీకి, బైక్‌కి మధ్య ఇరుక్కుంటాడు. సైడ్ స్టాండ్ కూడా అందుబాటులో ఉంటుంది. చాలా డర్ట్ బైక్‌లకు సైలెన్సర్ కుడివైపు కాబట్టి అది ఎస్‌యూవీ బంపర్ వైపు వస్తుంది. తొక్కి దిగిన వెంటనే ఎక్కించొద్దు. గొట్టం చేత్తో తాకగలిగేంత చల్లారాలి, లేకపోతే బంపర్ ప్లాస్టిక్, స్ట్రాప్ రెండూ కరుగుతాయి.

బైక్ పైకి రాకముందే ముందు స్ట్రాపుల కొక్కేలు రెండూ క్యారియర్‌కి తగిలించి, రెండో కొసలు చేతికందేలా పరిచి ఉంచండి. ఎక్కాక బైక్‌ని ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో స్ట్రాప్ చిక్కు విప్పుకునే సమయంలోనే బైక్‌లు పడిపోతాయి.

ఇద్దరు కావాలి. ఒకరు ఎడమ పక్కన హ్యాండిల్ పట్టుకుని, కుడిచేతి వేలు ముందు బ్రేకు మీద ఉంచి నడిపించాలి. రెండోవాళ్లు వెనక సీటు కింది ఫ్రేమ్ పట్టుకుని తోయాలి. ప్లాస్టిక్ ఫెండర్ పట్టుకుని తోస్తే విరుగుతుంది. మధ్యలో ఆగాల్సి వస్తే ముందు బ్రేకు నొక్కి ఆగండి. వెనకవాళ్లు చేయి వదలకూడదు, ఎందుకంటే ర్యాంపు వాలులో బరువు వెనక చక్రం మీదికి పోయి ముందు టైరు జారుతుంది. ఇంజన్ స్టార్ట్ చేసి క్లచ్ మీద ఎక్కించే ప్రయత్నం ఎంత అనుభవం ఉన్నా చేయకండి. పట్టా వెడల్పు జానెడు, అవతల దిగడానికి నేల లేదు.

కట్టడం

ఒకటిన్నర అంగుళాల వెడల్పు రాచెట్ స్ట్రాపులు (మీట తిప్పుతూ టిక్కు టిక్కుగా బిగించే పట్టీలు) కావాలి. పట్టీ మీద రెండు అంకెలుంటాయి: తెగే బలం ఒకటి, పనిచేసే పరిమితి ఇంకొకటి. రెండోది మొదటిదాంట్లో మూడో వంతు. తెగే బలం 1,500 అని పెద్ద అక్షరాల్లో ఉంటే మీరు నమ్మాల్సింది 500. సన్నటి అంగుళం పట్టీలు గాలికి ఊగి, క్యారియర్ అంచు మీద రాసుకుని పీచుపీచవుతాయి.

కొక్కేలను నేరుగా హ్యాండిల్‌కి తగిలించొద్దు. కేబుళ్లు నలుగుతాయి, హ్యాండిల్ బిగింపులో తిరిగిపోతుంది. మెత్తటి నైలాన్ లూపులను, ముందు చక్రపు ఫోర్కులను పట్టి ఉంచే కింది ట్రిపుల్ క్లాంప్ చుట్టూ వేసి, స్ట్రాప్ కొక్కెం ఆ లూపుకి తగిలించండి. నోరు తెరిచి ఉండే కొక్కేలు వద్దు. స్ప్రింగు నాలుక ఉన్నవే తీసుకోండి.

ఇక ఎంత బిగించాలన్న ప్రశ్న. ఫోర్కు కుంగగలిగే మొత్తం దూరంలో మూడో వంతు కుంగాలి. ఆ దూరం 9 అంగుళాలైతే 3 అంగుళాలు. తక్కువ బిగిస్తే ఏమవుతుందో దగ్గరగా చూడండి: చక్రం గుంటలో పడి లేచినప్పుడు బైక్ బరువుకు ఫోర్కు ఇంకాస్త కుంగుతుంది, ఆ క్షణంలో స్ట్రాప్ వదులై కొక్కెం కిందికి వేలాడుతుంది, ఫోర్కు మళ్లీ లేచేలోగా కొక్కెం లూపులోంచి జారిపోతుంది. ఒక పక్క ఊడితే రెండో పక్క బిగువు బైక్‌ని తన వైపు లాగి పడేస్తుంది. అడుగంటా బిగిస్తే ఆయిల్ సీళ్లు పాడవుతాయి. టైరుకు, ఫెండర్ అడుగుకు మధ్య పెట్టే ప్లాస్టిక్ దిమ్మ ఉంటే పని సులువు. దిమ్మ పట్టుకునేదాకా బిగించి ఆగితే చాలు. రెండు పక్కలా రాచెట్‌ను మార్చి మార్చి, ఒక్కో పక్క రెండు మూడు టిక్కులు చొప్పున తిప్పండి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళ్తే బైక్ వంకరగా కూర్చుంటుంది.

వెనక స్ట్రాపులు రెండు ఫుట్ రెస్టుల బ్రాకెట్ల నుంచి ముందుకు, కిందికి లాగేలా కట్టాలి. అప్పుడు ముందు టైరు దాని గూటిలో నొక్కుకుని ఉంటుంది. అయిదోది వెనక చక్రపు రిమ్మును పట్టాకు కలిపి కట్టేది. చైనుకు, బ్రేకు డిస్కుకు తగలకుండా చూడండి. గేరు ఒకటిలో వేసి వదిలేయండి. స్ట్రాప్ బిగించే ముందు ఒక్క సగం మెలిక తిప్పితే గాలికి దడదడలాడదు. మిగిలిన కొసలు ముడివేసి, టేపు చుట్టండి. వేలాడే కొస వెనక చక్రం దగ్గరికో, ఎస్‌యూవీ సైలెన్సర్ దగ్గరికో పోతుంది.

రిసీవర్ గొట్టంలో క్యారియర్‌కి కాస్త లూజు ఎప్పుడూ ఉంటుంది. లోపల 8 అంగుళాలే దిగుతుంది, పట్టా కొస మధ్య నుంచి 42 అంగుళాల దూరంలో ఉంటుంది. కాబట్టి గొట్టంలో ఉన్న లూజు కొస దగ్గర అయిదు రెట్లై ఊగుతుంది. యు-బోల్టు రకం బిగింపు తప్పనిసరి. పిన్ను 5/8 అంగుళానిదే వాడాలి. సగం అంగుళం పిన్ను చిన్న రిసీవర్‌ది, దీంట్లో కదులుతుంది. పట్టా రెండు కొసల నుంచి హిచ్‌కి ఉండే సేఫ్టీ చైను రంధ్రాలకు ఒక్కో స్ట్రాప్ కడితే ఊపు ఇంకా తగ్గుతుంది. ఆ స్ట్రాపులను ప్లాస్టిక్ బంపర్‌కి, రూఫ్ ర్యాక్‌కి కట్టొద్దు.

పరీక్ష ఒకటే: హ్యాండిల్ పట్టుకుని గట్టిగా ఊపండి. బైక్‌తో పాటు ఎస్‌యూవీ మొత్తం ఊగాలి. బైక్ విడిగా ఊగితే కట్టు వదులు, క్యారియర్ విడిగా ఊగితే బిగింపు వదులు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలాగి, సైలెన్సర్ పొగ బైక్ వెనక టైరు మీద పడుతోందేమో చెయ్యి అడ్డుపెట్టి చూడండి. పడుతుంటే పొగను కిందికి మళ్లించే మొన తగిలించాలి.

దారిలో

మొదటి 10 మైళ్లకు ఆగి స్ట్రాపులు, బోల్టులు చూడండి. 50 దగ్గర ఇంకోసారి, ఆ తర్వాత పెట్రోల్ పోయించిన ప్రతిసారి. కొత్త క్యారియర్ బోల్టులు మొదటి ప్రయాణంలో తప్పకుండా సర్దుకుంటాయి, టార్క్ రెంచ్ వెంట ఉంచుకోండి.

మీది ఆఫ్‌రోడ్ బండే, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది. అయినా బైక్ వెనక ఉన్నప్పుడు రాళ్ల దారిలోకి దింపకండి. ఫోర్‌రన్నర్ వెనక కోణం (తోక నేలకు తగలకుండా దాటగలిగే వాలు) ఫ్యాక్టరీ లెక్కలో సుమారు 25 డిగ్రీలు. క్యారియర్ తగిలిస్తే 20కి లోపే మిగులుతుంది. వాగు గట్టు ఎక్కేటప్పుడు పట్టా కొస నేలకు గుచ్చుకుంటే ఎస్‌యూవీ బరువంతా హిచ్ మీద పడుతుంది. గరుకు మట్టిరోడ్డు తప్పకపోతే గంటకు 10–15 మైళ్లు మించొద్దు. బండి పార్కింగ్‌లో ఆపి, బైక్ దింపాక ట్రయల్‌లోకి వెళ్లడమే సరైన వరుస. టైర్ల గాలి సంగతి కూడా అంతే. ట్రయల్ కోసం 18 పీఎస్ఐకి దించిన ఎస్‌యూవీ టైర్లతో, బైక్ మళ్లీ ఎక్కించి రోడ్డెక్కితే వెనక టైర్ల పక్క గోడలు వేడెక్కి పగులుతాయి. ముందు కంప్రెసర్, స్టిక్కర్ మీది గాలి, ఆ తర్వాతే ర్యాంపు.

వచ్చే పాఠానికి ముందు రెండు పనులు చేసి ఉంచండి. మీ బండికి ఆ రెండు దూరాలు కొలిచి, 186, 516 స్థానంలో మీ అంకెలు రాసుకోండి. బైక్ ఎక్కించాక పది అడుగుల వెనక నిలబడి, మీ బ్రేకు లైట్లలో, ఇండికేటర్లలో, నంబర్ ప్లేటులో ఏవి కనపడటం లేదో చూసుకోండి. మూడో పాఠం నాలుగు పిన్నుల లైట్ వైరింగ్‌తో మొదలవుతుంది: తెలుపు ఎర్త్, గోధుమరంగు టెయిల్ లైటు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి.