మాత్రలకు తోడు: దిగులు ఉన్నప్పుడు పేగును ఎలా చూసుకోవాలి

డిప్రెషన్‌కి డాక్టరు రాసిన మాత్రలు వాడుతున్నవాళ్లు, పెరుగూ ప్రోబయోటిక్‌లూ (మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా) మొదలుపెట్టాం కదా అని వాటిని ఆపకూడదు. లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్ ఆర్0052, బైఫిడోబాక్టీరియం లాంగమ్ ఆర్0175 అనే బ్యాక్టీరియా జంటను రెండు దేశాల్లో 8 వారాల చొప్పున పరీక్షించారు. న్యూజిలాండ్‌లో మందులేవీ వాడని వాళ్లకిస్తే (2017) ఉత్తుత్తి మాత్రకీ దానికీ తేడా కనపడలేదు. ఇరాన్‌లో మందులు వాడుతున్నవాళ్లకి అదనంగా ఇస్తే (2019) దిగులు స్కోరు తగ్గింది. పాలకు తోడు ఎలాగో, మాత్రలకు ఇవీ అలాగే. పాలు లేకుండా తోడుతో పని లేదు.

మనసు స్థితితో ముడిపడిన రసాయనం సెరటోనిన్. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగులోనే తయారవుతుందని అందరూ చెబుతారు. నిజమే, కానీ అది రక్తంలోంచి మెదడులోకి దాటలేదు. పేగు మాట మెదడుకి చేరే దారులు వేరే ఉన్నాయి. ఒకటి పేగునీ మెదడునీ కలిపే వేగస్ నరం. 2011లో ఎలుకలకు ఒక రకం లాక్టోబాసిల్లస్ ఇస్తే ఆందోళన తగ్గింది, ఆ నరం కోసేశాక ఆ ఫలితం రాలేదు. రెండోది పీచు. మనకు అరగని పీచును పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ అనే కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. అది పేగు గోడను గట్టిగా ఉంచి, ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) అదుపులో పెడుతుంది. బెల్జియంలో 2019 నాటి పరిశోధనలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో తక్కువగా కనిపించిన కోప్రోకాకస్ అనే బ్యాక్టీరియా ఇలాంటి బ్యుటిరేట్ తయారీదారే. అది మన గిన్నెలోని పెరుగులో దొరకదు. పీచు తింటేనే పెరుగుతుంది. అందుకే మా లెక్కలో క్యాప్సూల్ కంటే కంచం ముందు.

మొదటి రోజు, దిగులు ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నలకు జవాబులు రాసి, తేదీ వేసి దాచండి. స్కోరు 0 నుంచి 27 దాకా ఉంటుంది. 10 గానీ అంతకుమించి గానీ వస్తే డాక్టరును కలవాలి. చనిపోవాలనే ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా అదే రోజు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ (14416)కి ఫోన్ చేయండి, లేదా విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లండి. అంబలి కాచుకుంటూ ఆగే విషయం కాదిది.

ఇక వంటింటి పని. రాత్రి 30 గ్రాముల చోడి (రాగి) పిండిని గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టండి. విశాఖ మే నెల ఉక్కకి 8 గంటలు చాలు, డిసెంబరులో 12 దాకా పడుతుంది. పైన చిన్న బుడగలు, లేత పులుపు వాసన రావాలి. పొద్దున రెండు గ్లాసుల మరిగే నీళ్లలో పోసి, కలుపుతూ 10 నిమిషాలు ఉడికించండి. ఎక్కువమంది తప్పు చేసేది దీని తర్వాతే. వేడివేడి అంబలిలో మజ్జిగ పోసేస్తారు. ఉడికేటప్పుడు పిండిలోని బ్యాక్టీరియా ఎలాగూ పోతాయి, బతికున్నవి వచ్చేది మజ్జిగ నుంచే. గిన్నె పూర్తిగా చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు కలపండి. మజ్జిగపులుసుకీ, ఆవిరి మీద ఉడికిన ఇడ్లీకీ ఇదే లెక్క: తినండి, మంచివే, కానీ వాటిలో బ్యాక్టీరియా బతికి ఉండవు. ఆవకాయ అసలు ఈ లెక్కలోకే రాదు, ఉప్పూ నూనే దాన్ని నిలవ ఉంచేవి.

పెరుగుకి కాచిన పాలు చిటికెనవేలు పెట్టి ఓర్చుకోగలిగినంత వేడికి, అంటే 40–45 డిగ్రీలకు దిగాలి. అర లీటరుకి ఒక చెంచా తోడు చాలు. ఇంకా వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చి, పాలు తోడుకోవు. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టండి. తీగలు సాగితే తోడు మార్చండి. రోజుకి ఒక కప్పు చాలు.

పీచు రోజుకి 30 గ్రాములకు చేరాలి, వారానికి 5 గ్రాముల చొప్పున పెంచుతూ. ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం వచ్చి మూడో రోజే మానేస్తారు. నానబెట్టి ఉడికించిన శనగలు (ఎండువి 40 గ్రాములు) దాదాపు 10 గ్రాములిస్తాయి, ఒక జామకాయ 8, చోడి అంబలి 3. ఎంవీపీ కాలనీ, కంచరపాలెం రైతు బజార్లలో దొరికే ఆకుకూరలూ గోరుచిక్కుడూ మిగతాది పూరిస్తాయి.

క్యాప్సూల్ కొనాలనుకుంటే డాక్టరుకి చెప్పాకే. డబ్బా మీద బ్యాక్టీరియా పేరు చివర అక్షరాలు, అంకెలు ఉండాలి. అవి లేకుండా ‘లాక్టోబాసిల్లస్’ అని మాత్రమే ఉంటే ఏది కొంటున్నారో తెలియదు. సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా) లెక్క తయారీ రోజుది కాక, గడువు తేదీ దాకా హామీ ఇచ్చినది కావాలి. యాంటీబయాటిక్ వాడుతుంటే రెంటికీ కనీసం 2 గంటల ఎడం ఉంచండి. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, క్లోమం వాపుతో ఆసుపత్రిలో ఉన్నవాళ్లు వీటి జోలికి వెళ్లొద్దు.

నాలుగో వారం, ఎనిమిదో వారం మళ్లీ స్కోరు రాయండి. ఎనిమిదో వారానికీ తగ్గకపోతే క్యాప్సూల్ ఆపేసి తిండి మాత్రం కొనసాగించండి. మూడు కాగితాలూ డాక్టరుకి చూపించి, బి12, థైరాయిడ్ పరీక్షలు ఇంకా చేయించకపోతే వాటి సంగతి అడగండి.