ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు జాగ్రత్తలు

రంగులు వేసేవాళ్లను పిలిచే ముందు ఇవి ఒకసారి చూసుకోండి.

ముందు కాగితాలు. పత్రాల్లోని పేర్లు, కొలతలు ఇప్పుడున్న ఇంటితో సరిపోవాలి. తర్వాత కట్టిన గదికి అనుమతి ఉందా? తీర్చేసిన అప్పు తాలూకు తాకట్టు రికార్డుల్లోంచి తొలగించారా? వాటాదార్లందరూ సంతకానికి సిద్ధమేనా? బేరం కుదిరాక ఇక్కడ తేడా బయటపడితే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు, లేదా ధర తెగ్గోస్తారు. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే.

చెమ్మ మీద రంగు వేయించకండి. లీకు ఆగి, గోడ పూర్తిగా ఆరాకే బ్రష్ పట్టాలి. లేకపోతే గోధుమరంగు మరక మళ్లీ పైకి తేలుతుంది, దాచారన్న అనుమానం మొదలవుతుంది. సింకు కింద పైపు అతుకుల చుట్టూ పొడి టిష్యూ చుట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి తడిస్తే ప్లంబర్‌ను పిలవండి.

తెలిసిన లోపం మీరే చెప్పండి. చాలా దేశాల్లో దాచినందుకు అమ్మకం అయ్యాక కూడా దావా వేయొచ్చు.

అమ్మడం కోసమని వంటగదిని కొత్తగా కట్టించకండి. పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగి రావడం అరుదు. వదులైన తలుపు పిడి, కారే కుళాయి బాగుచేయిస్తే చాలు.

ఇంటి వాసన బయటివాళ్లను అడగండి. రోజూ ఉండేవాళ్ల ముక్కుకు అది తెలియదు.

ఫొటోలు పగటి వెలుతురులోనే తీయండి.

చూడ్డానికి జనం వచ్చే రోజు నగలు, మందులు, బ్యాంకు కాగితాలు తాళంలో పెట్టండి. వచ్చే ప్రతి ఒక్కరి వెనకా మీరు తిరగలేరు.