కబడ్డీ ఫొటోల్లో రైడర్ షార్ప్‌గా రావాలంటే

కొత్తగా కెమెరా కొని కబడ్డీ మ్యాచ్‌లు తీసేవాళ్ళు ముందు ఫోకస్ మోడ్ మార్చండి, సింగిల్‌లో ఉంటే బటన్ సగం నొక్కగానే ఫోకస్ అక్కడే లాక్ అయిపోతుంది, ఈలోపు రైడర్ రెండడుగులు ముందుకొచ్చేస్తాడు. కదిలే మనిషిని వదలకుండా ఫోకస్ చేస్తూ ఉండే మోడ్ పెట్టండి, దాని పేరు కెనాన్‌లో అయితే సర్వో, నికాన్ సోనీల్లో ఏఎఫ్-సీ. ఫోకస్ పాయింట్లన్నీ ఆన్‌లో వదిలేస్తే వెనకున్న జనాన్నో, అడ్డొచ్చిన డిఫెండర్ భుజాన్నో పట్టేసుకుంటుంది, అందుకే ఒక్క పాయింటో చిన్న జోనో పెట్టి రైడర్ ఛాతీ మీద, జెర్సీ నంబర్ దగ్గర ఉంచండి, అక్కడ కాంట్రాస్ట్ ఎక్కువ కాబట్టి కెమెరా త్వరగా పట్టుకుంటుంది.

షట్టర్ స్పీడ్ 1/1000 దగ్గర పెట్టండి, లైట్ మరీ తక్కువైతే 1/640. అపర్చర్, అంటే లెన్స్‌లో లైట్ లోపలికొచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచేయండి. ఫ్లడ్‌లైట్ల కింద ఐఎస్ఓ (ఫొటోని ఎంత వెలుగుగా చూపాలో చెప్పే సెట్టింగ్) 3200, 6400 దాకా వెళ్ళినా పర్లేదు, దానివల్ల వచ్చే నాయిస్, అంటే గరుకు చుక్కలు, తర్వాత తగ్గించుకోవచ్చు గానీ కదిలిపోయిన మొహాన్ని ఏ యాప్‌లోనూ సరిగ్గా వెనక్కి తేలేం.

ఇంకోటి, ఇదే అసలైంది: టచ్ పడ్డాక నొక్కితే లేటే. కూత మొదలైనప్పటి నుంచే బటన్ సగం నొక్కి రైడర్‌తో పాటే కెమెరా కదుపుతూ ఉండండి, రైడ్ మొత్తం 30 సెకన్లే కదా, బోనస్ లైన్ వైపు కాలు చాపగానే బర్స్ట్ (ఆగకుండా వరసగా ఫొటోలు) కొట్టేయండి.