పగడాల ట్యాంకు మీద ఎల్ఈడీ లైటు: ఎంత ఎత్తులో, ఎక్కడ, దేనికి కట్టాలి

సముద్రపు పగడాలను ప్రాణంతో పెంచే ఉప్పునీటి అద్దాల ట్యాంకుకు లైటు కొన్నవాళ్లు ముందుగా దాని యాప్ తెరిచి నీలం ఎంత, తెలుపు ఎంత అని పర్సెంటేజీలు తిప్పుతూ కూర్చుంటారు. నిజానికి అది చివరి పని. ముందు తేల్చాల్సింది ఎత్తు. వెలుగు ఎంత మేర పరుచుకోవాలో ఎత్తు చూసుకుంటుంది, ఎంత గట్టిగా పడాలో పర్సెంటేజీ చూసుకుంటుంది. ఎక్కువైందని లైటు పైకి, తక్కువైందని కిందికి జరుపుతూ పోతే ఏ మూలన ఎంత పడుతోందో ఎప్పటికీ లెక్క తేలదు.

లైటు డబ్బా మీద లెన్స్ కోణం రాసి ఉంటుంది. 90 డిగ్రీలైతే లెక్క సులువు: నీటి మట్టం నుంచి లైటు ఎంత ఎత్తులో ఉంటే, వెలుగు దానికి రెట్టింపు వెడల్పున పరుచుకుంటుంది. 12 అంగుళాల ఎత్తుకు 24 అంగుళాలు, అంటే 2 అడుగుల వెడల్పు ట్యాంకుకు సరిగ్గా సరిపోతుంది. 18 అంగుళాల ట్యాంకుకు 9 చాలు. 120 డిగ్రీల లెన్స్ మాత్రం ఎత్తుకు దాదాపు మూడున్నర రెట్లు పరుస్తుంది. దాన్నీ 12లోనే కడితే బోలెడు వెలుగు గోడల మీదికి, సోఫాలో కూర్చున్నవాళ్ల కళ్లలోకి పోతుంది. 8 అంగుళాల దగ్గర ఆపండి. అంతకన్నా దించితే ఉప్పు తుంపర్లు లెన్స్ మీద పడతాయి, పగడాలు సర్దడానికి చెయ్యి కూడా దూరదు.

ఇక అడ్డంగా ఎక్కడ. చదరంగా ఉండే లైటు ఒక్కోటి సుమారు 2 అడుగుల జాగా చూసుకుంటుంది. 4 అడుగుల ట్యాంకుకు రెండు కావాలి. ఒక్కోదాని నడిమి భాగం ఆ చివరి అద్దం నుంచి 1 అడుగు లోపల ఉండాలి. నడుమ అద్దం పట్టీ ఉంటే దాని నెత్తిమీద లైటు రాకూడదు, పట్టీ మీద ఉప్పు పేరుకుని వెలుగును మింగేస్తుంది. ముందు వెనకల విషయంలో చాలామంది నట్టనడుమ పెట్టేస్తారు. రాళ్లు వెనక అద్దానికి ఆనించి పేర్చిన ట్యాంకులో అలా పెడితే రాళ్ల కొసలు మాడతాయి, మనకు కనిపించే ముందు వైపు నీడ పడుతుంది. నడుమ నుంచి 2 అంగుళాలు ముందుకు జరిపి కట్టండి.

స్లాబు ఇల్లైతే పైనుంచి వేలాడదీయడమే మేలు. 10 అడుగుల స్లాబు, 30 అంగుళాల స్టాండు, 24 అంగుళాల ట్యాంకు, పైన 12 అంగుళాల ఖాళీ అనుకుంటే తాడు పొడవు నాలుగున్నర అడుగులు వస్తుంది. ముడులకు, సర్దుబాటుకు కలిపి ఒక్కో తాడు 2 మీటర్లు కొనండి. 1.5 మి.మీ. స్టీలు వైరు తాడు, నొక్కితే జారే గ్రిప్పర్లు తీసుకోండి. ఎత్తు తర్వాత మార్చుకునే వీలు లేని ఏ కట్టుడూ పనికిరాదు. ఒక్కో లైటుకు రెండు చోట్ల పట్టు, అంటే రెండు లైట్లకు స్లాబులో నాలుగు బెజ్జాలు.

బెజ్జం కొట్టే ముందు ట్యాంకు మొత్తం ప్లాస్టిక్ షీటుతో కప్పి అంచులు టేపు చేయండి. సిమెంటు పొడి పడితే నీటి పీహెచ్ ఎగబాకుతుంది. వైరు తొక్క తీసేటప్పుడు రాలే రాగి ముక్క ఒక్కటి పడ్డా రొయ్యలకు, నత్తలకు ప్రమాదమే. నట్టు కట్టిన దారాన్ని స్లాబు నుంచి వదిలి, అది లైటు తాడు తగిలే చోటికి సూటిగా దిగేలా చూసి పైన గుర్తు పెట్టండి. ఫ్యాను హుక్కుకూ స్విచ్ బోర్డుకూ మధ్య గీతలో కరెంటు వైర్ల పైపు ఉండొచ్చు, అక్కడ కొట్టొద్దు, మెయిన్ ఆపి మొదలుపెట్టండి. 6 మి.మీ. బోల్టు ఉన్న స్లీవ్ యాంకర్‌కు 8 మి.మీ. బిట్. కాంక్రీటులో 40 మి.మీ. లోతు కావాలి, పైనున్న ప్లాస్టరు మందం ఇందులో కలపొద్దు. బిట్ కడ్డీకి తగిలి ఆగితే మొండిగా తోయకుండా 2 అంగుళాలు పక్కకు జరగండి. బెజ్జంలోని పొడి ఊది తీసేశాకే యాంకర్ బిగించాలి, లేదంటే పట్టు దొరకదు. గోడకు కొట్టే ప్లాస్టిక్ గట్టాలు స్లాబుకు వాడొద్దు, బరువు కిందికి లాగుతుంటే మెల్లగా జారిపోతాయి. కట్టాక లైటు మీద రసమట్టం పెట్టి చూడండి. ఓ పక్కకు వాలితే ఒక మూల పగడాలు తెల్లబోతాయి, ఇంకో మూలవి గోధుమరంగుకు తిరుగుతాయి, కారణం మాత్రం అంతు చిక్కదు.

పీఓపీ సీలింగుకు నేరుగా ఏదీ కట్టొద్దు, దాన్ని దాటి స్లాబు దాకా పోవాల్సిందే. పెంకుటింట్లో, రేకుల ఇంట్లో, బెజ్జాలు కొట్టనివ్వని కిరాయి ఇంట్లో స్టాండు వెనక నుంచి లేచే గలమ ఫ్రేము చేయించుకోండి. పౌడర్ కోటింగ్ ఉన్న అల్యూమినియం చదరపు పైపు మంచిది. జీఐ పైపు చవకే కానీ ఉప్పు తగిలి దాని మీది జింకు కరిగి చుక్కలుగా నీళ్లలోకి దిగుతుంది, అది పగడాలకు విషం. ఫ్రేమును స్టాండుకే బిగించాలి, అద్దానికి కాదు. అద్దం అంచుకు క్లాంపు చిన్న తేలిక లైట్లకే పెట్టుకోవాలి, అదీ కింద రబ్బరు వేసి.

కరెంటు సంగతి. లైటు డ్రైవరును, అంటే దానికి కరెంటు అందించే డబ్బాను, స్టాండు అరలో సంపు (నీళ్లు వడకట్టే కింది తొట్టి) పక్కన పెట్టొద్దు, అక్కడి ఉప్పు తేమ దాన్ని తినేస్తుంది, గోడకు బిగించండి. ప్రతి వైరూ సాకెట్టు కంటే కిందికి ఓ వంపు దిగి మళ్లీ పైకి పోవాలి. అప్పుడే వైరు వెంట జారిన నీళ్లు వంపు దగ్గర రాలిపోతాయి. 30 మిల్లీఆంపుల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), పనిచేసే ఎర్తింగు తప్పనిసరి. ఇన్వర్టరుకు లైటు కలపొద్దు. పగడాలు ఒకరోజు చీకటిని ఓర్చుకుంటాయి, నీళ్లు కదలకపోతే మాత్రం చేపలకు ఊపిరాడదు. ఇన్వర్టరు నీళ్లను కదిలించే పంపుకు, అంటే వేవ్‌మేకరుకు ఉంచండి.

ఇప్పుడు పర్సెంటేజీ. 30తో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున పెంచండి. నీలం ఎక్కువ, తెలుపు తక్కువ. మొత్తం 8 నుంచి 10 గంటలు, అందులో గట్టి వెలుగు 5, 6 గంటలు చాలు. మష్రూమ్, జోయాంథిడ్ లాంటి మెత్తని పగడాలకు 50 నుంచి 150 పార్ (పగడాలకు పనికొచ్చే వెలుగు కొలత), హామర్, టార్చ్ రకం పగడాలకు 80 నుంచి 150, కొమ్మలుగా పెరిగే అక్రోపొరా పగడానికి 250 పైన. ఫోనులోని లక్స్ యాప్ ఇక్కడ పనికిరాదు, అది మనిషి కంటికి తగ్గట్టు కొలిచేది, నీలాన్ని తక్కువ చేసి చూపుతుంది. నీళ్లలో ముంచే పార్ మీటరు ఖరీదు ఎక్కువ, నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే సరి. పంపులు నడుస్తుండగానే ఇసుక మీద, రాళ్ల నడుమ, కొసల మీద కొలిచి కాగితం మీద గీసుకోండి. మీటరు లేనప్పుడు పగడమే చెబుతుంది: తెల్లబడి ముడుచుకుంటే వెలుగు ఎక్కువ, గోధుమరంగుకు తిరిగి మెడ సాచితే తక్కువ. ఎక్కువైనప్పుడు వెంటనే 10 తగ్గించండి. తక్కువైతే తొందరేం లేదు. అన్నట్టు, మన సముద్రాల రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నవి, దిగుమతి కాగితాలు లేకుండా అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు 25 నుంచి 27 మధ్య ఉండాలి. నీళ్లను చల్లబరిచే చిల్లరు ఉన్నా సరే, ఎండాకాలంలో లైటు సమయాన్ని రోజుకు 15 నిమిషాల చొప్పున జరిపి సాయంత్రం 4 నుంచి రాత్రి 12కు తెచ్చుకోండి. లైటు వేడి, మిట్టమధ్యాహ్నపు వేడి ఒకేసారి గదిలో చేరవు. లైటు మీద మూత, గుడ్డ ఏదీ కప్పొద్దు. లెన్స్‌ను లైటు ఆపి చల్లారాక వారానికోసారి ఆర్వో నీళ్లతో తడిపిన మెత్తని బట్టతో తుడవండి. బోరు నీళ్లు వాడితే తెల్ల మచ్చలు మిగులుతాయి. గోదావరిఖని, మందమర్రి లాంటి బొగ్గు ఊళ్లలో లైటు వెనక ఫ్యానులో నల్లని దుమ్ము తొందరగా పేరుకుంటుంది. నెలకోసారి రెక్కలను వేలితో పట్టి ఆపి, మెత్తని బ్రష్‌తో దులపండి. పట్టకుండా బ్లోయరుతో ఊదితే ఫ్యాను విపరీతంగా తిరిగి బేరింగు పోతుంది.